విధులకు ఆటంకం: చట్టం కాపాడేది ఎవరిని?



జిల్లా పేపర్లో ఏ రోజు చూసినా ఒక మూల ఈ వార్త ఉంటుంది. పోలీసుల విధులకు ఆటంకం కలిగించాడని ఫలానా ఊళ్లో ఫలానా వ్యక్తి మీద కేసు నమోదు. నాలుగు లైన్లు, అంతే. ధర్నాలో బారికేడు తోసిన నాయకుడి మీదా అదే కేసు. అర్ధరాత్రి బ్రీత్ ఎనలైజర్ ఊదనని మొండికేసిన కుర్రాడి మీదా అదే. సర్వేకి వచ్చినవాళ్లను పొలం గట్టు ఎక్కనివ్వని రైతు మీదా అదే. చదివినవాళ్లకు కొంత భయం వేస్తుంది, కొంత అనుమానం వస్తుంది. ఇంతకీ ఆయన ఏం చేశాడు? ఎదురు మాట్లాడితే నేరమా? వీడియో తీస్తే నేరమా? స్టేషన్‌కు రమ్మంటే రానంటే నేరమా?

వకీలుగా ఈ కేసుల్ని రెండు పక్కలనుంచీ చూసినవాణ్ని. నిజంగా దెబ్బలు తిన్న కానిస్టేబుల్ తరఫున నిలబడాలనిపించిన రోజులున్నాయి. చొక్కా గుండీ ఒకటి ఊడిందని రెండేళ్ల శిక్ష పడే సెక్షన్ పెట్టిన ఎఫ్ఐఆర్ చదివి నవ్వుకున్న రోజులూ ఉన్నాయి. నేను ఈ పావుగంటలో చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ చట్టాలు కాపాడేది యూనిఫాంను కాదు, కుర్చీని కాదు. ఆ క్షణంలో జరుగుతున్న చట్టబద్ధమైన పనిని. ఆ పని ఏమిటో తేల్చకుండా ఆటంకం సంగతి తేలదు.

ముందు కొంచెం నంబర్ల గొడవ. 1860లో రాసిన ఇండియన్ పీనల్ కోడ్ 1862 జనవరి 1నుంచి అమల్లోకి వచ్చి, నూట అరవై ఏళ్లకు పైగా నడిచింది. 2024 జులై 1నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. కేసులు నడిపించే పద్ధతులు చెప్పే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది. నేరం అదే, నంబరు మారింది. పాత 186 ఇప్పుడు 221. పాత 353 ఇప్పుడు 132. అయినా స్టేషన్లో రైటర్ దగ్గరా, కోర్టు వరండాలోనూ ఇప్పటికీ వినబడేది ‘త్రీ ఫిఫ్టీ త్రీ’యే. అలవాటు అంత తొందరగా పోదు.

221వ సెక్షన్ చెప్పేది చిన్న సంగతి. ప్రభుత్వోద్యోగి తన విధి చేస్తుండగా ఎవరైనా కావాలని అడ్డుపడితే మూడు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పూర్వం ఈ జరిమానా 500 రూపాయలు మించకూడదు, ఇప్పుడు 2,500 దాకా వేయవచ్చు. 132 అలాంటిది కాదు. విధి చేయనివ్వకుండా ఉద్యోగి మీద దౌర్జన్యానికి దిగినా, బలప్రయోగం చేసినా రెండేళ్ల దాకా శిక్ష. వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు, స్టేషన్ బెయిలు హక్కుగా రాదు. గాయపరిస్తే మరో సెక్షన్, 121. పాత చట్టంలో దానికి మూడేళ్లుండేది, కొత్త చట్టం ఐదేళ్లు చేసింది. తీవ్రగాయమైతే కనీసం ఏడాది, గరిష్ఠంగా పదేళ్లు.

ఈ తేడా రోడ్డు మీద ఎలా ఉంటుందో చూద్దాం. రాత్రి పదకొండున్నర, డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీ. కుర్రాడు బండి తాళం జేబులో వేసుకుని, బండి మీదే కూర్చుని, దిగను, ఊదను, ఏం చేస్తావో చేసుకో అన్నాడు. వెనక బళ్లు ఆగిపోయాయి. ఇది 221 కిందికి రావచ్చు. అదే కుర్రాడు కానిస్టేబుల్ గుండెల మీద చెయ్యి వేసి నెట్టాడు, లేదా హెల్మెట్ ఎత్తి కొట్టబోయాడు. ఇప్పుడు 132. మరి నోరు పారేసుకుంటే? నీ ఉద్యోగం ఊడగొడతా, మా మామ ఎమ్మెల్యే అంటే? ఇక్కడ చట్టం స్పష్టంగా ఉంది. ఉత్త మాటలు దౌర్జన్యం కావు. చేష్ట ఉండాలి, ఆ చేష్ట చూసి ఎదుటివాడికి ఇప్పుడు మీద పడతాడన్న భయం కలగాలి. మాట ఆ చేష్టకు అర్థం తెచ్చిపెట్టగలదు, అంతవరకే. బెదిరింపుకూ బూతులకూ వేరే సెక్షన్లున్నాయి. వాటి కోసం 132 అక్కర్లేదు. హైదరాబాదులోనైతే నిజాం కాలపు సిటీ పోలీస్ చట్టం, 1348 ఫస్లీనాటిది, ఇప్పటికీ బతికే ఉంది. వీధి గలాటాలకు దాని కింద పెట్టీ కేసు రాసి మర్నాడు మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. చలానా దగ్గర అరుపులకు చాలాసార్లు అదే సరిపోతుంది.

మరి 132నే ఎందుకంత ఇష్టంగా పెడతారు? దీనికి ఒక కారణం ఉంది, శ్రోతలు కొంచెం ఓపికగా వినాలి. 221 లాంటి నేరాలకు చట్టం ముందే ఒక గేటు పెట్టింది. ఏ ఉద్యోగికి ఆటంకం కలిగిందో ఆ ఉద్యోగి గానీ, ఆయన పై అధికారి గానీ కోర్టుకు స్వయంగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే తప్ప కోర్టు ఆ కేసును చేపట్టకూడదు. పాత ప్రొసీజర్ కోడ్‌లో ఇది 195, ఇప్పుడు సురక్షా సంహితలో 215. ఎందుకు పెట్టారంటే, ప్రతి చిన్న మాటపట్టింపునూ కేసు చేసి జనాన్ని కోర్టుల చుట్టూ తిప్పకుండా, పై అధికారి ఒకసారి ఆలోచించి సంతకం పెట్టాలని. 132కు ఈ గేటు లేదు. రెండూ వేర్వేరు నేరాలనీ, ఆ అడ్డంకి 353కు వర్తించదనీ సుప్రీంకోర్టు 1966లోనే, దుర్గాచరణ్ నాయక్ కేసులో చెప్పింది. సూత్రంగా అది సరైన మాటే. కొట్టడం వేరు, అడ్డుపడడం వేరు. కానీ ఆచరణలో ఏమైందంటే, ఆటంకం కేసుకు గేటు దాటే శ్రమ ఉంది కాబట్టి, ఎఫ్ఐఆర్లో ఒక తోపులాట వాక్యం చేరుతుంది. కాలరు పట్టుకుని నెట్టాడు అని. నేను చదివిన ఎఫ్ఐఆర్లలో ఆ వాక్యం ఊరు మారినా మారదు, ఎస్సై మారినా మారదు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడిగితే ఏ చేత్తో పట్టుకున్నాడో సాక్షికి గుర్తుండదు.

బెంగళూరులో జరిగిన ఒక కేసు ఈ సందర్భంలో చెప్పుకోవాలి. 2013లో ఒకావిడ కారు ఆటోను గుద్దింది, ఆటోలో ఉన్నవాళ్లకు దెబ్బ తగిలింది. ట్రాఫిక్ స్టేషన్‌కు పిలిచిన ఇన్‌స్పెక్టర్ తమతో దురుసుగా మాట్లాడాడని భార్యాభర్తలు బెంగళూరు ట్రాఫిక్ పోలీసుల ఫేస్‌బుక్ పేజీలోనే రాశారు. దానికి వాళ్ల మీద 353, బెదిరింపు కింద 506 పెట్టారు. ఫేస్‌బుక్‌లో రాస్తే బలప్రయోగం ఎలా అయింది? హైకోర్టు కేసు కొట్టేయనంది. 2015 జనవరిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ పేజీ పెట్టిందే జనం చెప్పుకోవడానికి కదా, అక్కడ చెప్పుకుంటే విధికి ఏం అడ్డు పడింది అన్నది తీర్పు సారాంశం.

ఇదంతా విని పోలీసుల మీద నాకేదో కోపం ఉందనుకోవద్దు. 132 పోలీసులకు మాత్రమే కాదు. కరెంటు స్తంభం ఎక్కే లైన్‌మన్, ఆర్టీసీ కండక్టర్, సర్కారు దవాఖానాలో డాక్టరు, ఊళ్లో కార్యదర్శి, అందరికీ అదే కవచం. సీటు కోసం కండక్టర్ చెంప మీద కొట్టినవాళ్ల మీద ఆ సెక్షన్ పెట్టకపోతే ఇంకెక్కడ పెడతారు? 2019 నవంబరులో హైదరాబాదు శివార్లలోని అబ్దుల్లాపూర్‌మెట్‌లో మహిళా తహసీల్దారును పట్టపగలు ఆఫీసులోనే నిప్పంటించి చంపారు. ఆవిడను కాపాడబోయిన ఉద్యోగీ ప్రాణం కోల్పోయాడు. అలాంటి చోట ఫైళ్లు పట్టుకుని కూర్చునేవాళ్లకు చట్టం అండ గట్టిగానే ఉండాలి. అలా గట్టిగా ఉండాల్సిన సెక్షన్‌ను చలానా గొడవలకు వాడి పలచన చేస్తున్నారన్నదే నా బాధ.

సరే, పోలీసు చేస్తున్న పని చట్టబద్ధం కాదని మీకు అనిపించింది. ఎదురు తిరగవచ్చా? ఇక్కడ చాలామంది పొరబడతారు. న్యాయ సంహిత 37వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వోద్యోగి తన హోదాలో సద్బుద్ధితో చేస్తున్న పని చట్టరీత్యా కొంచెం అటూ ఇటూ ఉన్నా సరే, ప్రాణం పోతుందనో తీవ్రగాయం అవుతుందనో సహేతుకమైన భయం ఉంటే తప్ప, దాని మీద ఆత్మరక్షణ హక్కు లేదు. అంటే నోటీసులో తేదీ తప్పు పడిందని ఎస్సైని తోసేస్తే కోర్టు మెచ్చదు. తప్పుంటే రేపు జడ్జి ముందు తేల్చుకో, ఇవాళ చెయ్యి ఎత్తకు అంటుంది చట్టం. అయితే అదే సెక్షన్‌కు ఒక వివరణ ఉంది, జనానికి తెలియాల్సింది అది. వచ్చినవాడు ప్రభుత్వోద్యోగి అని తెలియకపోతే, తెలుసుకునే వీలు లేకపోతే ఆ నిషేధం మీకు అంటదు. ఎవరి ఆదేశం మీద వచ్చాడో చెప్పాలి. రాతపూర్వకమైన ఆదేశం ఉండి మీరు అడిగితే చూపించాలి. కాబట్టి అర్ధరాత్రి మఫ్టీలో వచ్చినవాళ్లను ‘సార్, మీరెవరు, ఏ స్టేషన్, కాగితం ఉందా’ అని అడగడం ఆటంకం కాదు. అడిగే హక్కు చట్టమే ఇచ్చింది. గొంతు మాత్రం మామూలుగా ఉంచండి, అది చట్టంలో లేకపోయినా అనుభవంలో ఉంది.

అరెస్టు చేసేవాళ్ల పేరు కనబడేలా బ్యాడ్జి ఉండాలి. అరెస్టు మెమో రాయాలి, దాని మీద కనీసం ఒక సాక్షి సంతకం ఉండాలి. కారణం చెప్పాలి. ఇవన్నీ సురక్షా సంహితలో 36, 47 సెక్షన్లు. పెద్దవాళ్లకు మరో కొత్త రక్షణ ఉంది. మూడేళ్లలోపు శిక్ష పడే నేరమైతే, అరవై దాటినవారిని, అనారోగ్యంతో ఉన్నవారిని డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి అనుమతి లేకుండా అరెస్టు చేయకూడదు. 132కు శిక్ష రెండేళ్లే కదా, కాబట్టి పొలం గట్టు మీద వాదన పెట్టుకున్న ముసలాయనకు ఇది వర్తిస్తుంది.

ఫోన్‌లో వీడియో తీయడం గురించి పల్లెల్లో కూడా అడుగుతున్నారు. తీయవద్దని చెప్పే చట్టమేదీ లేదు. దర్యాప్తుకు నిజంగా అడ్డొచ్చేలా ముఖం మీద ఫోన్ పెట్టి తీస్తే అది వేరే మాట. పోలీస్ స్టేషన్లో వీడియో తీశాడని ఒకాయన మీద అధికార రహస్యాల చట్టం పెడితే, స్టేషన్ ఆ చట్టం చెప్పే నిషిద్ధ ప్రదేశం కాదని 2022లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి చెప్పింది. పైగా స్టేషన్లన్నిటిలో సీసీ కెమెరాలు ఉండాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టే ఆదేశించింది. స్టేషన్ లోపల ఆటంకం జరిగిందన్న కేసుల్లో నేను మొదట అడిగేది ఆ ఫుటేజీనే. కెమెరా ఆ రోజే పని చేయలేదన్న జవాబు వినీ వినీ విసుగొచ్చింది.

సురక్షా సంహితలో 172 అని ఒక సెక్షన్ కొత్తగా చేర్చారు. పోలీసు అధికారి ఇచ్చే చట్టబద్ధమైన ఆదేశాలను జనం పాటించాలి, పాటించకపోతే అక్కడినుంచి తొలగించవచ్చు, పట్టి ఉంచవచ్చు, మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్లవచ్చు, చిన్న విషయమైతే 24 గంటల్లోగా వదిలేయవచ్చు. గుంపుల్ని అదుపు చేయడానికి ఇది అవసరమే కావచ్చు. నా అనుమానం ఆ చివరి భాగం మీద. కాగితం మీదికి ఎక్కకుండా ఒక మనిషిని ఒక రోజు కూర్చోబెట్టి పంపే అలవాటు మన స్టేషన్లకు ఎప్పటినుంచో ఉంది. ఇప్పుడు దానికి ఒక నంబరు దొరికింది.

పోలీసులు ప్రశ్నలు అడిగితే జవాబు చెప్పకపోవడం ఆటంకమా? దీని మీద మంచి కథే ఉంది. ఒడిశా మాజీ ముఖ్యమంత్రి నందినీ శతపథిని అవినీతి కేసులో విచారణకు స్టేషన్‌కు పిలిచి, రాసిచ్చిన ప్రశ్నల పట్టీ ముందు పెట్టారు. ఆవిడ జవాబు చెప్పనన్నారు. ప్రభుత్వోద్యోగి అడిగితే జవాబు చెప్పనన్నందుకు పీనల్ కోడ్ 179 కింద కేసు పెట్టారు. 1978లో సుప్రీంకోర్టు, తీర్పు రాసింది జస్టిస్ కృష్ణయ్యర్, ఇలా చెప్పింది. తనను నేరంలో ఇరికించే జవాబు చెప్పకుండా మౌనంగా ఉండే హక్కు రాజ్యాంగం 20వ అధికరణ ఇచ్చింది; అది కోర్టు బోనులోనే కాదు, పోలీసు విచారణలోనూ ఉంటుంది. మిగతా ప్రశ్నలకు మాత్రం జవాబు చెప్పాలి. అసలు ఒక మహిళను స్టేషన్‌కు పిలవడమే తప్పని కూడా ఆ తీర్పులో గట్టిగా అన్నారు. ఇప్పుడు సురక్షా సంహిత 179 ప్రకారం మహిళల్ని, పదిహేనేళ్లలోపు పిల్లల్ని, అరవై దాటినవారిని, వికలాంగులను, తీవ్ర అనారోగ్యం ఉన్నవారిని సాక్షులుగా విచారించాలంటే వాళ్లుండే చోటికే రావాలి. స్టేషన్‌కు రానన్నారని అలాంటివారి మీద ఆటంకం కేసు పెడితే నిలవదు.

కొత్త న్యాయ సంహితలో ఇంకో సెక్షన్, 226, నన్ను ఆలోచనలో పడేసింది. ప్రభుత్వోద్యోగి విధి చేయకుండా ఆపడానికి గానీ, బలవంతంగా ఏదో చేయించడానికి గానీ ఆత్మహత్యాయత్నం చేస్తే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా సమాజ సేవ. పాత చట్టంలో ఆత్మహత్యాయత్నమే నేరంగా ఉండేది, అది పోయింది, ఈ రూపంలో మాత్రం మిగిలింది. సోమవారం నాడు కలెక్టరేట్లో ప్రజావాణికి వెళ్లిచూడండి. గేటు దగ్గర పోలీసులు సంచులు వెతికేది బాంబుల కోసం కాదు, పెట్రోలు సీసాల కోసం. పాస్‌బుక్‌లో పేరు ఎక్కక, ఆన్‌లైన్లో తన భూమి పక్కవాడి ఖాతాలో కనబడి, అర్జీ మీద అర్జీ పెట్టి విసిగిన మనిషి ఆ సీసా తెస్తాడు. కానిస్టేబుల్ లాక్కుంటాడు, బకెట్ నీళ్లు పోస్తారు, ఎవరో ఫోన్‌లో తీస్తారు. ఆ మనిషిని ఆపడం పోలీసు విధి, అది సరిగానే చేస్తున్నారు. తర్వాత ఆయన మీద 226 పెట్టడం మాత్రం నాకు మింగుడు పడదు. అర్జీని మూలన పడేసిన ఆఫీసు ఆయన పనికి పెట్టిన ఆటంకం ఏ సెక్షన్ కిందా రాదు.

ఇప్పుడు కోర్టుల సంగతి. కోర్టుకు అడ్డుపడేవాడు అంటే బోనులోంచి జడ్జి మీద చెప్పు విసిరినవాడు గుర్తొస్తాడు జనానికి. అవి అరుదు. అలా కోర్టు హాల్లోనే అవమానించినా, అల్లరి చేసినా 267వ సెక్షన్ ఉంది. జడ్జి ఆ మనిషిని అక్కడే ఆపి, ఆ రోజు కోర్టు లేచేలోపే జరిమానా వేయవచ్చు. కోర్టు పనికి అసలైన అడ్డు ఊళ్లో, వీధి గుమ్మం దగ్గర పడుతుంది.

అమీనా అని మన కోర్టుల్లో ఒక ఉద్యోగి ఉంటాడు. డిక్రీ వచ్చాక స్వాధీనం ఇప్పించేదీ, జప్తు చేసేదీ, నోటీసు అంటించేదీ ఆయనే. చేతిలో వారెంటు, చంకలో సంచి, వెంట డిక్రీదారు తరఫు మనిషి, మధ్యవర్తులుగా సంతకం పెట్టడానికి ఇద్దరు. ఆటో దిగి ఆ ఇంటి ముందుకు వెళ్లేసరికే కబురు అందిపోయి ఉంటుంది. తలుపు మూసి ఉంటుంది, అడ్డంగా మంచం వేసి ఉంటుంది, మంచం మీద ఇంటి పెద్దావిడ పడుకుని ఉంటుంది. నన్ను దాటుకుని వెళ్లు నాయనా అంటుంది. అమీనా ఏం చేస్తాడు? మధ్యవర్తుల సంతకాలు తీసుకుని, అడ్డగించారని రిపోర్టు రాసి వారెంటు వాపసు చేస్తాడు. తర్వాత వకీలు బ్రేకోపెన్ పిటిషన్ వేయాలి, పోలీస్ ఎయిడ్ పిటిషన్ వేయాలి, మళ్లీ వాయిదాలు. చట్టబద్ధంగా ఆస్తి స్వాధీనం చేసుకోవడాన్ని అడ్డుకోవడం 218 కింద నేరం. నా ఎరుకలో ఆ సెక్షన్ కింద శిక్ష పడినవాళ్లు కనబడలేదు. అమీనాకు ఫిర్యాది కావాలని ఉండదు, మళ్లీ అదే ఊరికి రేపు వెళ్లాలి. ఎగ్జిక్యూషన్ పిటిషన్లు ఆరు నెలల్లో ముగించాలని సుప్రీంకోర్టు 2021లో ఆదేశించింది. మన మున్సిఫ్ కోర్టుల్లో ఈపీల బీరువా తెరిచి చూస్తే ఆ ఆదేశం విలువ తెలుస్తుంది.

కోర్టు మనిషికి పోలీసే అడ్డుపడ్డాడన్న ఆరోపణ మీద కూడా 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఢిల్లీలో కోర్టు సమన్లు, వారెంటు ఇవ్వడానికి స్టేషన్‌కు వెళ్లిన ఉద్యోగిని స్టేషన్ అధికారి తిట్టి, చేతులు పైకెత్తించి నిలబెట్టి, చాలాసేపు ఆపేశాడన్నది ఫిర్యాదు. జిల్లా జడ్జి దాన్ని కదిపారు. ఆ అధికారి పాత 186 కింద కేసు చెల్లదని వాదించాడు. కోర్టు ఒప్పుకోలేదు. ఆటంకం అంటే చెయ్యి చేసుకోవడమే కానక్కర్లేదు, పని సాగకుండా చేసేది ఏదైనా ఆటంకమే అంది. జనం మీద రోజూ వాడే సెక్షన్ ఒకసారి అటువైపు తిరిగి చూసినట్టయింది.

సాక్షులు అడ్డం తిరగడం మరో పెద్ద కథ. కోర్టులో ప్రమాణం చేసి అబద్ధం చెబితే 229 కింద ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. సాక్షిని బెదిరించి అబద్ధం చెప్పించినా 232 కింద ఏడేళ్లు. కానీ అబద్ధపు సాక్ష్యం మీద కేసు పెట్టాలంటే కోర్టే ప్రాథమిక విచారణ జరిపి కోర్టే ఫిర్యాదు చేయాలి. ఉన్న కేసులే తెమలని జడ్జి కొత్తది నెత్తిన వేసుకోడు. గుజరాత్ బెస్ట్ బేకరీ కేసులో పదేపదే మాట మార్చిన ప్రధాన సాక్షికి 2006లో సుప్రీంకోర్టు ఏడాది జైలు వేసి, ఖర్చుల కింద యాభై వేలు కట్టమంది. ఆ అమ్మాయి సొంత కుటుంబాన్నే పోగొట్టుకున్న సాక్షి. ఆమెను మాట మార్చేలా చేసినవాళ్లెవరన్నది మాత్రం అంత గట్టిగా తేలలేదు. సాక్షికి రక్షణ లేకుండా సాక్షినే శిక్షించడం సగం న్యాయం. 2018లో సాక్షుల రక్షణ పథకాన్ని సుప్రీంకోర్టు అమల్లోకి తెచ్చింది, ఇప్పుడు ప్రతి రాష్ట్రం పథకం పెట్టాలని సురక్షా సంహిత 398 చెబుతోంది. సమన్లు అందుకుని కోర్టుకు రాకపోవడమూ నేరమే, 208 కింద ఆరు నెలల దాకా. కానీ వచ్చిన సాక్షిని సాయంత్రం దాకా చెట్టు కింద కూర్చోబెట్టి వాయిదా వేసి పంపిస్తే, మూడోసారి రాకపోవడంలో ఆశ్చర్యమేముంది? వచ్చిన సాక్షికి బత్తా ఇస్తారు, అడిగి తీసుకోండి. అడగనివాడికి గుర్తుచేసి ఇచ్చే కోర్టులు తక్కువ.

ధిక్కరణ గురించి రెండు మాటలు. 1971నాటి కోర్టు ధిక్కరణ చట్టం ప్రకారం ఆరు నెలల దాకా సాధారణ జైలు, రెండు వేల దాకా జరిమానా. తీర్పును న్యాయంగా విమర్శించడం ధిక్కరణ కాదని ఆ చట్టమే చెబుతుంది. విమర్శ ఎక్కడ ఆగాలన్నది కోర్టుల ఓపికను బట్టి మారుతూ వచ్చింది. కేరళ ముఖ్యమంత్రి నంబూద్రిపాద్ కోర్టులు ధనికుల పక్షమన్నందుకు హైకోర్టు వెయ్యి రూపాయలు జరిమానా వేస్తే, 1970లో సుప్రీంకోర్టు యాభైకి తగ్గించింది. మన శివశంకర్ గారి సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. పి. శివశంకర్ ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జడ్జిగా చేసి కేంద్రమంత్రి అయినవారు. 1987 నవంబరులో హైదరాబాదులో న్యాయవాదుల సభలో మాట్లాడుతూ సుప్రీంకోర్టు జమీందార్లకూ, పెద్ద వ్యాపారులకూ అండగా నిలిచిందన్న అర్థంలో ఘాటుగా దులిపేశారు. ధిక్కరణ పిటిషన్ పడింది. 1988లో సుప్రీంకోర్టు అది ధిక్కరణ కాదు పొమ్మంది. మాట కొంచెం మెత్తగా ఉండాల్సిందని మాత్రం అంది. 2020లో ట్వీట్ల మీద ప్రశాంత్ భూషణ్‌కు ఒక రూపాయి జరిమానా వేసిన కోర్టూ అదే.

నా లెక్కలో మాటల ధిక్కరణ కన్నా ఆదేశాల ధిక్కరణ పదింతలు ప్రమాదకరం, ఎందుకంటే అది చేసేది ఎక్కువగా అధికారులు. పాఠశాలల ఆవరణల్లో సచివాలయాల భవనాలు కట్టవద్దన్న ఆదేశాన్ని పట్టించుకోలేదని 2022 మార్చిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఎనిమిది మంది ఐఏఎస్‌లకు రెండు వారాల జైలు వేసింది. వాళ్లు క్షమాపణ చెప్పాక దాన్ని సంక్షేమ హాస్టళ్లలో నెలకో రోజు చొప్పున ఏడాది పాటు సేవగా మార్చింది.

గుంటూరు జిల్లా కేసు ఇంకా చెప్పుకోదగ్గది. గుడిసెలు తొలగించవద్దని 2013 డిసెంబరులో హైకోర్టు ఆదేశమిచ్చింది. 2014 జనవరిలో అప్పటి తహసీల్దారు పోలీసుల్ని వెంటపెట్టుకుని వెళ్లి వాటిని తీయించేశాడు. ఆ రోజు ఆ గుడిసెల వాళ్లు ఎవరైనా అడ్డం నిలబడి ఉంటే వాళ్ల మీద ఏ సెక్షన్ పెట్టేవారో నేను వేరే చెప్పక్కర్లేదు. హైకోర్టు ఆయనకు రెండు నెలల జైలు వేసింది. ఆయన అప్పీళ్లు చేసుకుంటూ వచ్చాడు, ఈలోగా డిప్యూటీ కలెక్టర్‌గా ప్రమోషన్ కూడా వచ్చింది. చివరికి సుప్రీంకోర్టు, కుటుంబం వీధిన పడుతుందని జైలు శిక్ష పక్కన పెట్టి, తిరిగి తహసీల్దారు హోదాకు దించి, లక్ష రూపాయలు కట్టమంది. ఆ తీర్పు వచ్చింది 2025 మేలో. గుడిసెలు పోయి అప్పటికి పదకొండేళ్లు.